చిల్లరలో కోటగుమ్మం

స్మారక నాణెం అనగానే మఖమల్ డబ్బాలో దాచుకునే వెండి నాణెమే మనకు గుర్తొస్తుంది. జర్మనీ మాత్రం 2006 నుంచి 2022 దాకా తన పాత కట్టడాలను మామూలు రెండు యూరోల నాణెం మీదే ముద్రించింది. ఏడాదికొక రాష్ట్రం వంతు. ఆ నాణేలు రొట్టెల కొట్టులో ఇచ్చే చిల్లరలో వచ్చేస్తాయి. అక్కడ చదువుకుంటున్న మన తెలుగు పిల్లల చేతుల్లోకీ వస్తాయి.

మొదటి వంతు లూబెక్ నగరంలోని హోల్‌స్టెన్ ద్వారానిది. 1464, 1478 మధ్య ఇటుకతో కట్టిన కోటగుమ్మం అది. రెండు లావుపాటి బురుజులు, వాటిపై కోసుగా లేచిన కప్పులు. కింద నేల మెత్తన కావడంతో కట్టడం దిగబడి, బురుజులు కాస్త ఒరిగాయి కూడా. 1863లో దాన్ని కూల్చాలా వద్దా అని నగరసభలో ఓటింగ్ పెడితే ఒకే ఒక్క ఓటు తేడాతో బతికింది! ఆ ఓటు వేసినవారికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది నాకు.

2011లో కొలోన్ కెథెడ్రల్ వంతు వచ్చింది. 1248లో పునాది వేస్తే 1880కి గానీ పూర్తికాని చర్చి అది.

ఇలాంటి నాణెం మీకెప్పుడైనా దొరికితే బొమ్మ చూసి ఊరుకోకండి. దాని మీద ఒక చిన్న ఇంగ్లిషు అక్షరం ఉంటుంది. 'ఏ' అయితే బెర్లిన్ టంకశాలది, 'జె' అయితే హాంబర్గ్‌ది. నిలబెట్టి తిప్పితే అంచు చుట్టూ జర్మన్ జాతీయగీతంలోని మాటలు కనిపిస్తాయి.