రోడ్డు చలానాలు, పౌరసత్వ దరఖాస్తులు : మన కుటుంబాలు తెలుసుకోవలసిన సంగతులు

(తాండూరులో జరిగిన చట్ట అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈనాటి విషయం పైకి చిన్నదిగా కనిపిస్తుంది. హెల్మెట్ లేనందుకు పడిన చలానా, వేగం మించినందుకు వచ్చిన టికెట్టు, లైసెన్సు వెంట లేని రోజున కట్టిన జరిమానా, ఇవన్నీ మనం మరచిపోయే విషయాలు. కానీ పౌరసత్వం, పాస్‌పోర్టు, వీసా అనే మాటలు వచ్చినప్పుడు ఇవే కాగితాలు తిరిగి బల్లమీదికి వస్తాయి. మన వికారాబాద్, తాండూరు, పరిగి, కొడంగల్ ప్రాంతాల నుండి వెళ్లిన పిల్లలు నేడు అమెరికా, బ్రిటన్, కెనడా, గల్ఫ్ దేశాలలో ఉన్నారు. కొందరికి అక్కడి పౌరసత్వ దరఖాస్తు సమయం దగ్గరపడింది. ఇక్కడున్న తల్లిదండ్రులకు నిద్రపట్టడం లేదు. మరోవైపు, చలానా కట్టకపోతే ఇక్కడే పౌరసత్వం పోతుందట అని భయపెట్టేవారూ ఉన్నారు. ఈ రెండు ఆందోళనలను వేరువేరుగా పరిశీలిద్దాం.

మొదట మన దేశం సంగతి. భారత పౌరసత్వ చట్టం 1955లో వచ్చింది. అందులో పౌరసత్వం పోయే మార్గాలు మూడే. ఒకటి 8వ సెక్షను ప్రకారం తానే వదులుకోవడం. రెండవది 9వ సెక్షను ప్రకారం మరొక దేశ పౌరసత్వాన్ని స్వచ్ఛందంగా తీసుకోవడం. మూడవది 10వ సెక్షను ప్రకారం కేంద్ర ప్రభుత్వం రద్దు చేయడం. ఈ మూడవ మార్గం ముఖ్యంగా నమోదు ద్వారాగాని, సహజీకరణ ద్వారాగాని పౌరులైన వారికి సంబంధించినది. వారి విషయంలో కూడా, పౌరసత్వం పొందిన అయిదేళ్లలోపు ఏ దేశంలోనైనా రెండేళ్లకు తక్కువ కాని జైలు శిక్ష పడటం వంటి కారణాలు ఉండాలి. ఈ గడ్డమీద పుట్టి, పుట్టుకతో పౌరుడైనవాని పౌరసత్వాన్ని ఒక ట్రాఫిక్ చలానా తాకలేదు. ఈ మాట ప్రతి ఇంటికీ చేరాలి. ఎవరైనా ఈ భయం చూపి డబ్బు అడిగితే అది మోసమని గ్రహించండి.

అయితే పౌరసత్వం కోరుకొనేవారి విషయం వేరు. పెళ్లి ద్వారా మన కుటుంబాలలోకి వచ్చిన విదేశీ వధువులు 5వ సెక్షను కింద ఏడేళ్ల నివాసం తరువాత నమోదుకు దరఖాస్తు చేసుకోవచ్చు. దరఖాస్తు జిల్లా కలెక్టరు ద్వారా వెళుతుంది, విచారణ జరుగుతుంది. సహజీకరణకు మూడవ షెడ్యూలు 'మంచి నడవడి' అనే అర్హత విధించింది. అదే షెడ్యూలు ఎనిమిదవ షెడ్యూలులోని ఒక భాష తగినంతగా వచ్చి ఉండాలన్నది. తెలుగు, ఉర్దూ రెండూ అందులో ఉన్నవే. కనుక అటువంటి కోడళ్లు ఇంట్లో ఉన్నవారు వారి పేరుమీద ఉన్న బండి చలానాలను కూడా పేరబెట్టుకోకుండా తీర్చివేయడం వివేకం.

పాస్‌పోర్టు దగ్గర మనవారు ఎక్కువగా తికమకపడతారు. 1967 పాస్‌పోర్టు చట్టం 6వ సెక్షను ప్రకారం, క్రిమినల్ కోర్టులో కేసు నడుస్తున్నవానికి పాస్‌పోర్టు నిరాకరించవచ్చు. కోర్టు అనుమతి ఉంటే ఇవ్వవచ్చునని 1993 ఆగస్టు 25నాటి నోటిఫికేషను చెబుతున్నది. ఇక్కడ తేడాను గమనించండి. హెల్మెట్ చలానా వంటివి మోటారు వాహనాల చట్టం 200వ సెక్షను కింద రాజీపడదగినవి. డబ్బు కట్టిన తరువాత ఆ తప్పుపై మరే చర్యా తీసుకోరాదని ఆ సెక్షనే చెబుతున్నది. తాగి నడపడం, అంటే 185వ సెక్షను, అలా ముగియదు. మనిషి కోర్టు ముందు నిలబడాలి. మొదటిసారికి ఆరు నెలల వరకు జైలు లేదా పదివేల రూపాయల జరిమానా లేదా రెండూ పడవచ్చు. నిర్లక్ష్యంగా నడిపి మనిషి ప్రాణం తీస్తే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను కింద అయిదేళ్ల వరకు శిక్ష ఉన్నది. ఈ కేసులు కోర్టులో ఉండగా పాస్‌పోర్టు దరఖాస్తులో 'ఏ కేసూ లేదు' అని రాస్తే, 12వ సెక్షను కింద అది మరొక నేరం. ఏజెంటు నింపిన ఫారం అయినా కింద సంతకం మనదే. జవాబుదారీ కూడా మనమే.

ఇక అమెరికా. అక్కడ గ్రీన్‌కార్డు ఉన్నవారు సాధారణంగా అయిదేళ్ల తరువాత, అమెరికన్ పౌరుని జీవిత భాగస్వాములైతే మూడేళ్ల తరువాత ఎన్-400 అనే దరఖాస్తు వేస్తారు. ఆ కాలమంతా 'మంచి నైతిక నడవడి' కలిగి ఉన్నట్లు చూపాలి. ఫారంలో ఒక ప్రశ్న ఉన్నది : మిమ్మల్ని ఎప్పుడైనా అరెస్టు చేశారా, సైటేషన్ ఇచ్చారా, నిర్బంధించారా? అక్కడ ట్రాఫిక్ టికెట్టును కూడా సైటేషన్ అంటారు. మద్యం, మత్తు పదార్థాల ప్రసక్తి లేకుండా, అరెస్టు జరగకుండా, 500 డాలర్ల లోపు జరిమానాతో ముగిసిన టికెట్లకు కాగితాలు జతచేయనక్కరలేదని ఆ ఫారం సూచనలు చాలాకాలంగా చెబుతూ వచ్చాయి. దీనిని మన పిల్లలు 'చెప్పనే అక్కరలేదు' అని అర్థం చేసుకుంటున్నారు. కాగితం జతచేయకపోవడం వేరు, ప్రశ్నకు అబద్ధపు జవాబు ఇవ్వడం వేరు. దరఖాస్తు వేసేనాటికి అమలులో ఉన్న సూచనల ప్రతిని చదివి, దానిని బట్టి జవాబు రాయాలి.

చెప్పడంలో ఇంత పట్టుదల ఎందుకని అడగవచ్చు. ఇంటర్వ్యూలో అధికారి ప్రమాణం చేయించి ప్రశ్నలు అడుగుతాడు. వేలిముద్రలు అప్పటికే ఎఫ్‌బీఐకి వెళ్లి ఉంటాయి. ప్రయోజనం పొందడం కోసం ప్రమాణపూర్వకంగా అబద్ధం చెప్పినవానికి మంచి నడవడి లేనట్లేనని అక్కడి చట్టం చెబుతున్నది. ఆ అబద్ధం పెద్ద విషయం గురించే అయి ఉండనక్కరలేదని 1988లో కుంగిస్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు వివరించింది. అంటే నూరు డాలర్ల టికెట్టు ఎవరి పౌరసత్వాన్నీ ఆపకపోవచ్చు గాని, దానిని ఉద్దేశపూర్వకంగా దాచిన మాట ఆపగలదు.

ఏవి చిన్నవి, ఏవి పెద్దవి అన్నది కూడా తెలియాలి. మన దగ్గర అతివేగం అంటే ఒక చలానా. వర్జీనియా రాష్ట్రంలో గంటకు 85 మైళ్లు దాటినా, పరిమితికి 20 మైళ్లు మించినా అది 'రెక్లెస్ డ్రైవింగ్' అనే నేరం, జైలు శిక్షకు తగినది. జార్జియాలో మామూలు ట్రాఫిక్ తప్పులను కూడా చాలావరకు చిన్న నేరాలుగానే పరిగణిస్తారు. అక్కడ లైసెన్సు లేకుండా నడిపితే అరెస్టు చేయవచ్చు. కోర్టు తేదీకి హాజరు కాకపోతే వారంటు వస్తుంది. తాగి నడపడం మరీ గడ్డు సంగతి. నిర్ణీత కాలంలో రెండు లేదా అంతకు మించి అటువంటి శిక్షలు ఉంటే మంచి నడవడి లేదనే భావించాలని 2019 అక్టోబరులో అమెరికా అటార్నీ జనరల్ కాస్టిల్లో-పెరెజ్ కేసులో నిర్ణయించారు.

ఇటీవలి మార్పును కూడా చెప్పాలి. 2025 ఆగస్టు 15న అక్కడి పౌరసత్వ, వలస సేవల సంస్థ ఒక విధాన పత్రం వెలువరించింది. దరఖాస్తుదారుని నడవడిని మొత్తంగా తూచాలని, చట్టరీత్యా నేరం కాకపోయినా సమాజంలోని సగటు పౌరుల ప్రవర్తనకు విరుద్ధమైనవాటిని కూడా లెక్కలోకి తీసుకోవచ్చునని అందులో ఉన్నది. అందుకు ఇచ్చిన ఉదాహరణలలో 'నిర్లక్ష్యపు లేదా అలవాటుగా చేసే ట్రాఫిక్ ఉల్లంఘనలు' ఒకటి. ఒక టికెట్టుకు భయపడనక్కరలేదు, పది టికెట్ల వరుస మాత్రం ప్రశ్నలకు దారితీస్తుంది. అధికారి విచక్షణ పెరిగిన చోట వివక్షకు కూడా తావు పెరుగుతుంది. పేరు చూసి, గడ్డం చూసి, హిజాబ్ చూసి మనసులో ఒక అభిప్రాయం ఏర్పరచుకొనేవారు ఏ దేశంలోనైనా ఉండవచ్చు. వారి చేతికి కారణం అందించకుండా ఉండటం మన చేతిలో ఉన్నది. అదే పత్రం మంచి వైపు చూడవలసిన విషయాలను కూడా చెప్పింది : సమాజ సేవ, కుటుంబ బాధ్యత, చదువు, నిలకడైన ఉద్యోగం, పన్నుల చెల్లింపు. మసీదులోనో, ఆహార పంపిణీలోనో సేవ చేస్తున్న పిల్లలు ఆ ఆధారాలను భద్రపరచుకోవాలి.

విద్యార్థులకు వచ్చిన కష్టం మీకు గుర్తుండే ఉంటుంది. 2025 ఏప్రిల్‌లో వేలాది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులను అమెరికా ప్రభుత్వం రద్దు చేసింది. వారిలో మన తెలుగు పిల్లలు కూడా ఉన్నారు. అక్కడి వలస న్యాయవాదుల సంఘం పరిశీలించిన 327 కేసులలో సగం భారతీయులవే. కొందరిపై ఉన్నది పాత ట్రాఫిక్ కేసు మాత్రమే, కొందరివి కోర్టు కొట్టివేసినవి. ఆ విద్యార్థులు ఊరక కూర్చోలేదు, కోర్టులకు వెళ్లారు. న్యాయమూర్తులు వరుసగా స్టేలు ఇచ్చారు. చివరకు ఏప్రిల్ 25న రికార్డులను పునరుద్ధరిస్తున్నట్లు ప్రభుత్వమే కోర్టుకు చెప్పింది. కేసు ముగిసిన కాగితం చేతిలో ఉన్న పిల్లవాడు వకీలు ముందుకు ధైర్యంగా వెళ్లగలిగాడు.

బ్రిటన్‌లో పౌరసత్వానికి 'మంచి నడవడి' నియమమే ఉన్నది. ఫిక్స్‌డ్ పెనాల్టీ నోటీసు సకాలంలో కడితే సాధారణంగా అడ్డు కాదు. కట్టక కోర్టు దాకా వెళితేనో, కొద్దికాలంలో అనేకం పోగైతేనో చిక్కు. కెనడాలో రాష్ట్రాల ట్రాఫిక్ తప్పులు క్రిమినల్ నేరాలు కావు. కాని తాగి నడపడం 2018 డిసెంబరు 18 నుండి పదేళ్ల వరకు శిక్షకు తగిన నేరమైంది. అందువల్ల శాశ్వత నివాసానికే ముప్పు రావచ్చు. సౌదీలో పనిచేసే మనవారికి పౌరసత్వం ప్రశ్న రాదు గాని, ముఖాలఫా బాకీ ఉంటే ఫైనల్ ఎగ్జిట్ ఆగిపోతుంది.

విదేశీ పౌరులై ఓసీఐ కార్డుతో సెలవులకు వచ్చే పిల్లలకు ఒక హెచ్చరిక. 2025 ఆగస్టులో కేంద్ర హోంశాఖ ఒక నోటిఫికేషను ఇచ్చింది. రెండేళ్లు లేదా అంతకు మించి జైలు శిక్ష పడినా, ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్షకు తగిన నేరంలో చార్జిషీటు దాఖలైనా ఓసీఐ నమోదు రద్దు కావచ్చు. చలానా అక్కడిదాకా వెళ్లదు. కాని ప్రాణనష్టం జరిగిన ప్రమాదంలో రెండేళ్ల శిక్ష పడితే వెళ్లగలదు. ఇక్కడి రోడ్డు అలవాటు తప్పినవారు సొంతంగా బండి నడపకపోవడమే మేలు.

నలభై ఏళ్లకు దగ్గరగా ఫైళ్ల మధ్య పనిచేసినవానిగా కొన్ని ఆచరణయోగ్యమైన మాటలు చెబుతాను.

ఒకటి, పేరు. మన పేర్లలో మహమ్మద్ ఒకచోట 'ఎండీ' అని, మరొకచోట పూర్తిగా, షేక్ ముందొకసారి, వెనకొకసారి ఉంటుంది. లైసెన్సు, ఆధార్, పాస్‌పోర్టు, పదో తరగతి మెమో అన్నింటిలోను ఒకే వర్ణక్రమం ఉండేలా ముందే సరిచేయించండి. లేకపోతే మరొక మహమ్మద్ కేసు మనదని పొరపాటు పడే అవకాశం ఉంటుంది, మనది కాదని నిరూపించే భారం మనమీద పడుతుంది.

రెండు, కాగితం. చలానా కట్టిన రసీదు, లోక్ అదాలత్ అవార్డు ప్రతి, కోర్టు తీర్పు ధ్రువప్రతి, ఇవన్నీ ఒక ఫైలులో ఉంచండి. అమెరికాలో ఉన్న పిల్లలు ఆ కోర్టు నుండి 'కేసు ముగింపు' ధ్రువప్రతిని వెంటనే తీసుకోవాలి. ఏళ్లు గడిచిన తరువాత దొరకడం కష్టం.

మూడు, బండి అమ్మినప్పుడు పేరు మార్పిడి జరిగేదాకా వదలకండి. కొన్నవాడు చేసిన తప్పు చలానా మీ పేరునే వస్తుంది.

నాలుగు, రాయితీ కోసం ఎదురుచూడకండి. మన రాష్ట్రంలో 2022 మార్చిలో ద్విచక్ర వాహనాల పెండింగ్ చలానాలకు 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం రాయితీ ఇచ్చారు. మళ్లీ ఇస్తారులే అని ఇరవై చలానాలు పేర్చుకున్నవారు ఉన్నారు.

అయిదు, చలానా తప్పు అయితే ప్రశ్నించండి. ఫొటో చూడండి, నంబరు సరిపోల్చండి, లిఖితపూర్వకంగా అభ్యంతరం చెప్పండి. డిజిలాకర్‌లోని లైసెన్సు, ఆర్‌సీ చట్టరీత్యా చెల్లుతాయి. రసీదు లేని రూపాయి ఎవరికీ ఇవ్వకండి. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా, 1987 న్యాయ సేవల చట్టం కింద ఉచిత వకీలు సహాయం లభిస్తుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి.

ఆరు, పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలకు బండి తాళం ఇవ్వకండి. 199-ఏ సెక్షను ప్రకారం తండ్రికి లేదా వాహన యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా. ఏడాదిపాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. ఆ పిల్లవానికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. విదేశాల కలలు కనే పిల్లవాని జీవితానికి మనమే వేసే మొదటి మచ్చ అది.

ఈ నియమాలను కేవలం పౌరసత్వం కోసం పాటించమని నేను అడగడం లేదు. 2025 నవంబరు 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో మన తాండూరు డిపో బస్సును కంకర టిప్పరు ఢీకొని 19 మంది ప్రాణాలు పోయాయి. ఆ రోజు ఈ పట్టణంలో ఏ గల్లీలో చూసినా ఏడుపే. రోడ్డు నియమం మనిషి ప్రాణానికి కట్టిన గోడ అని మనకంటే బాగా ఎవరికి తెలుసు?

హక్కు అడిగేవాని కాగితం శుభ్రంగా ఉండాలి, మాట నిజంగా ఉండాలి. అప్పుడు అన్యాయం జరిగితే గట్టిగా నిలదీసే బలం మనకుంటుంది. ప్రతి మొహల్లాలో చదువుకున్న ఇద్దరు యువకులు వారానికి ఒక గంట కేటాయించి, ఇరుగుపొరుగు వారి చలానాలు, పేర్ల సవరణలు, ఫారాలు చూసిపెట్టాలని నా విన్నపం. మా వంటి రిటైరైన గుమాస్తాలు పక్కన కూర్చుని సంతోషంగా సహాయం చేస్తాం. వచ్చే ఆదివారం నుండే మొదలుపెడదాం.