మనుమడికొక బడి, మనుమరాలికొక బడి?

(జహనుమాలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి నాకన్నా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. కార్యదర్శి గారు నాకిచ్చిన విషయం వేరు. పిల్లలను ఏ బడిలో చేర్పించాలో మన ఇళ్లలో ఎలా నిర్ణయిస్తున్నారు? అది తల్లిదండ్రుల వ్యవహారం, మనకెందుకు అని కొందరు అనుకోవచ్చు. కాని ఏప్రిల్, మే నెలల్లో ఏ ఇంట్లో చూసినా ఇదే చర్చ. ఫీజుకు డబ్బు చాలకపోతే అందరి చూపూ మన పింఛను మీదే. కనుక మనకూ ఇందులో భాగముంది, బాధ్యత కూడా ఉంది.

మా నాన్నగారు ఉర్దూలో చదువుకున్నారు. నిజాం కాలంలో కచేరీ భాష ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కూడా బోధన ఉర్దూలోనే. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడైనా నౌకరీ కావాలంటే ఆ చదువే చదవాలి. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఆ తర్వాత బడికి వెళ్లిన నేను తెలుగు మీడియం. నా కొడుకు ఇంగ్లీషు మీడియం. ఒకే ఇంట్లో మూడు తరాలకు మూడు భాషలు. నౌకరీ ఎటుంటే చదువు అటు నడిచింది. దాన్ని నేను తప్పు పట్టను. పొలం, పుట్ర లేని ఇంటికి చదువే ఆస్తి.

అయితే ఈ లెక్కంతా మగపిల్లల లెక్క. ఆడపిల్లల చదువుకు ఎవరో ఒకరు ప్రత్యేకంగా పూనుకోవలసి వచ్చింది. మాడపాటి హనుమంతరావు గారు 1928లో నగరంలో ఆడపిల్లలకు తెలుగు బడి పెట్టించారంటే అందుకే. అంతా పాత కథే అనుకుంటాం. నా ఇంట్లోనే అది మళ్లీ జరిగింది.

1990లో మా అబ్బాయిని నయాపూల్ అవతల ఉన్న ఒక కాన్వెంటులో వేశాను. రిక్షా, టై, బూట్లు, డొనేషన్, అన్నీ అప్పు చేసే పెట్టాను. రెండేళ్లకు మా అమ్మాయికి బడి ఈడు వచ్చింది. ఇంటికి దగ్గరలో ఉన్న సర్కారు బడిలో వేశాను. ఎవరడిగినా “ఆడపిల్ల కదా, కళ్ల ముందు ఉండాలి” అనేవాణ్ణి. ఆ బడిని నేనేమీ అనడం లేదు. మంచి టీచర్లు దొరికారు. అమ్మాయి బాగా చదివింది. ఈ రోజు నాకు కళ్లు సరిగా కనబడకపోతే పత్రిక చదివి వినిపించేది ఆ పిల్లే. అబ్బాయికి తెలుగు చదవడం కష్టం. కనుక ఏ బడి గొప్పదన్నది కాదు నా మాట. ఇద్దరికీ నేను ఒకే తూకం వాడలేదు, అదీ నా మాట.

ఇప్పుడు మా అమ్మాయి సైదాబాదులో ఉంటుంది. ఆమెకు ఇద్దరు పిల్లలు. మనుమరాలు అయిదు పూర్తి చేసింది, మనుమడు ఒకటిలో చేరాలి. అబ్బాయికి పెద్ద బడి, అమ్మాయికి వీధి చివరి బడి అని వాళ్లింట్లో అనుకున్నారు. ఆ సంగతి చెప్పడానికి వచ్చిన మా అమ్మాయి నన్ను ఒక మాట అడిగింది. “నాన్నా, నన్ను దగ్గరి బడిలో వేసింది నిజంగా భయంతోనా, ఫీజు మిగులుతుందనా?” నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. కాసేపటికి, “ఫీజు కోసమే తల్లీ” అన్నాను. ముప్పై ఏళ్ల తర్వాత నోటి వెంట వచ్చిన నిజం అది.

మనుమరాలి ఫీజు నా పింఛనులోంచి ఇస్తానన్నాను. “డబ్బు వద్దు నాన్నా, ఈ మాటే మా అత్తగారి దగ్గర చెప్పు” అంది. వెళ్లి చెప్పాను. వియ్యపురాలి ముందు తప్పు ఒప్పుకోవడం ఎంత కష్టమో మీకు తెలుసు. ఆమె విని ఊరుకుంది. రెండు రోజుల తర్వాత ఫోను చేసి, “అన్నయ్యగారూ, ఇద్దరినీ ఒకే బడిలో వేద్దాం, అయితే ఏ బడో మీరూ మావారూ వెళ్లి చూసి రండి” అన్నారు.

అలా ఇద్దరు ముసలివాళ్లం బడులు చూడడానికి బయలుదేరాం. అప్పుడు నేర్చుకున్నది మీకు చెబుతాను. మనకు తీరిక ఉంది, ఈ పని మనమే బాగా చేయగలం.

మన జహనుమా గల్లీల్లో చూడండి. అటు ఫలక్‌నుమా, ఇటు శంషేర్‌గంజ్, ఎటు వెళ్లినా బడి బోర్డులే. పొరుగింటి పిల్లవాడు ఎక్కడ చదువుతున్నాడు, ఆటో గుమ్మం దాకా వస్తుందా, పెళ్లిలో బంధువులు ఏమన్నారు, వీటి మీదే నిర్ణయాలు జరుగుతున్నాయి. తరగతిలో పాఠం ఎలా జరుగుతోందో చూసినవారు తక్కువ.

మొదట ప్రభుత్వ గుర్తింపు అడగండి. ప్రతి బడికీ యూడైస్ అని పదకొండు అంకెల సంఖ్య ఉంటుంది. ఏ తరగతి వరకు గుర్తింపు ఉందో చూడండి. లేకపోతే పదో తరగతి పరీక్షల నాటికి తిప్పలు తప్పవు.

రెండవది, 2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. ఎనిమిదో తరగతి వరకు, చేర్చుకునేటప్పుడు పిల్లలకు గాని తల్లిదండ్రులకు గాని పరీక్ష పెట్టరాదని, డొనేషన్ తీసుకోరాదని అందులో ఉంది. ఆడపిల్లలకు వేరుగా మరుగుదొడ్లు, తాగునీరు, ఆటస్థలం ఉండాలని కూడా ఉంది. మీరే లోపలికి వెళ్లి చూడండి. ఒక చోట మరుగుదొడ్డి చూపించమంటే తాళం చెవి దొరకలేదన్నారు. ఆ బడి వద్దనుకున్నాం.

మూడవది, ఇంగ్లీషు కోసమని సర్కారు బడిని చూడకుండానే కొట్టేయకండి. తెలంగాణలో 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది వరకు ఇంగ్లీషు మీడియం పెట్టారు. ఒక పుట ఇంగ్లీషు, ఎదుటి పుట తెలుగు ఉండే పుస్తకాలు ముద్రించారు. మనవంటి తాతలు పిల్లల పక్కన కూర్చోవడానికి అవి బాగా పనికొస్తాయి.

చివరగా, బడి విడిచే వేళ గేటు దగ్గర పావుగంట నిలబడండి. నాలుగో తరగతి పిల్లవాణ్ణి పలకరించి, ఈ రోజు ఏం చెప్పారని అడగండి. ఆ జవాబు విన్నాక రంగుల కరపత్రం చదవనక్కర లేదు.

మా పిల్లలిద్దరూ జూనులో ఒకే బడిలో చేరారు. పేరున్న బడి కాదు, కాని ఇంటికి నడిచేంత దూరం. అక్క తమ్ముడి చెయ్యి పట్టుకుని తీసుకెళుతోంది. మనుమరాలు మొదటి వారంలోనే ఫోను చేసి, “తాతయ్యా, మా బళ్లో గ్రంథాలయం ఉంది” అని చెప్పింది. వాళ్లమ్మకు ఆ వయసులో నేను అలాంటివేమీ చూసి పెట్టలేదు.

సోదరులారా, ఏటా మనం బతికే ఉన్నామని ధ్రువపత్రం ఇస్తుంటాం. ఇంట్లో ఈ చర్చ వచ్చినప్పుడు కూడా మనం ఉన్నామనిపించుకోవాలి. పింఛనులోంచి ఒక్క రూపాయి ఇవ్వలేకపోయినా ఫరవాలేదు. మనుమడికి ఏ బడి చూస్తున్నారో మనుమరాలికీ అదే చూస్తున్నారా అని ఒక్కసారి అడగండి. నా ఇంట్లో ఆనాడు అలా అడిగే పెద్ద లేకపోయారు.