కాయ పండేముందు గుబులు



ఈరోజు నేను చెప్పబోయే సంగతి విని కొందరు నవ్వుకుంటారేమో. కొత్తగా ఒక ఆటను తయారు చేసేవాళ్ళకు పని ముగింపుకు వచ్చే వేళ మనసులో పుట్టే అపనమ్మకం గురించి నాలుగు మాటలు చెప్పదలిచాను. ఆట అంటే మైదానంలో పరుగెత్తే ఆట కాదు. చాప మీద పటం పరచి, చుట్టూ నలుగురు కూర్చుని, గవ్వలు వేసి ఆడే ఆట.

"ఆటలు ఆడుతాం గాని తయారు చేసేదేమిటి?" అంటారా? వేసవి సెలవుల్లో పిల్లలు ఎండన పడి తిరగకుండా బండ మీద సుద్దముక్కతో గళ్ళు గీసి, "ఈ గడిలో ఉంటే కాయకు చావు లేదు, ఆ గడిలోకి వస్తే ఒక పందెం పోయినట్టే" అని మీరు ఎన్నడైనా కొత్త నియమం పెట్టి ఉంటే, మీరూ ఆట తయారు చేసినవారే. పేరు పెట్టుకోలేదు, అంతే.

అష్టాచెమ్మ ఆడినవాళ్ళందరికీ ఒక అనుభవం ఉంటుంది. కాయ అన్ని గళ్ళూ తిరిగి వచ్చి పండటానికి ఒక్క గడి దూరంలో నిలబడుతుంది. ఇక కావలసింది ఒక్కటే. ఆ ఒక్కటి పడదు. వైకుంఠపాళిలోనైతే ఇంకా భయం. నిచ్చెనలెక్కి, పాముల్ని తప్పించుకుని పైకి పోయాక అక్కడ అరుకాసురుడనే పెద్ద పాము నోరు తెరుచుకుని ఉంటుంది. దాని నోట పడితే మళ్ళీ మొదటికే. ఆట ఆడేవాళ్ళకే కాదు, ఆట కట్టేవాళ్ళకూ ఆఖరి వరుసలో ఇలాంటి పాము ఒకటి ఉంటుంది. "ఇది ఎవరాడుతారు? ఇందులో ఏముంది? మొదటి నుంచి మళ్ళీ గీద్దాం" అనిపిస్తుంది.

పాత ఆదిలాబాదు జిల్లాలోని నిర్మల్ మాట తీసుకోండి. పొణికి కర్ర బొమ్మలకూ, వర్ణచిత్రాలకూ అది పేరుపడ్డ ఊరు. అక్కడి చిత్రకారులు గంజీఫా ముక్కలు కూడా వేసేవారు. అవి గుండ్రటి పేకముక్కల వంటివి. దశావతార గంజీఫాలో పది అవతారాలకు పది రంగులు, ఒక్కో రంగుకు 12 ముక్కలు, మొత్తం 120. చిత్రకారుడికి నూట ఇరవయ్యో ముక్క మీద రంగు ఆరగానే పని అయిపోయినట్టు తెలుస్తుంది. కొత్త ఆట కట్టేవాళ్ళకు అటువంటి లెక్క ఏదీ లేదు. ఎప్పుడు అయిపోయిందో చెప్పేవారు లేరు. గుబులంతా అక్కడే మొదలవుతుంది.

మా మేనమామ బిడ్డ, నాకు వరుసకు మరదలు, జగిత్యాల వైపు ఒక ప్రాథమిక పాఠశాలలో టీచరు. తన పిల్లలకు గోదావరిని నేర్పించాలని ఒక ఆట కట్టింది. గజమున్నర తెల్లగుడ్డ మీద నీలం రంగుతో నదిని వేసింది. బాసర దగ్గర బయలుదేరి సోన్, ధర్మపురి, మంథని మీదుగా ప్రాణహిత వచ్చి కలిసే కాళేశ్వరం దాకా గళ్ళు. నలుగురు ఆడేవాళ్ళకు నాలుగు పడవలు, ఒక్కో పడవలో నాలుగు చింతగింజల సరుకు. నాలుగు గవ్వలతో పందెం. నదిలో అక్కడక్కడా బండలు. ఎవరు వేసినా సరే అష్ట పడితే వరద వచ్చినట్టు. అన్ని పడవలూ నాలుగు గళ్ళు ముందుకు కొట్టుకుపోతాయి, బండ దగ్గర ఆగినవాళ్ళ సరుకులో ఒక గింజ గోదారి పాలు. ఎక్కువ గింజలతో కాళేశ్వరం చేరినవాళ్ళు గెలిచినట్టు.

దసరా సెలవుల్లో మొదలుపెట్టిన పని సంక్రాంతికి దాదాపు పూర్తయింది. ఐదో తరగతి పిల్లలు గళ్ళు కొలిచి గీయడంలో సాయం కూడా చేశారు. ఆ తరువాత పటాన్ని మడిచి అల్మారా పైన పెట్టేసింది. నేను శివరాత్రికి పోయినప్పుడు అడిగాను.

"ఏమమ్మా, నీ పడవలు ఎక్కడిదాకా వచ్చినయి?"

"ఇంకా కాలేదు వదినా. ఏదో తక్కువున్నది."

"ఏం తక్కువున్నది?"

"అదే తెలుస్తలేదు. నాకైతే చూస్తేనే విసుగొస్తున్నది. పిల్లలకు మాత్రం రాదా? పెద్దసారు చూస్తే ఏమంటడో!"

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఏప్రిల్ ఆఖరుకు బడి మూస్తారు. గళ్ళు గీసిన ఆ ఐదో తరగతి పిల్లలు జూన్‌లో హైస్కూలుకు పోతారు. ఆట అల్మారా పైన పడి ఉంటే, చేయి వేసిన పిల్లలే దాన్ని ఆడకుండా పోతారు. అపనమ్మకం వల్ల జరిగే నష్టం ఇలాగే ఉంటుంది. చప్పుడు చేయదు. గడువు మాత్రం దాటిపోతుంది.

ఆమె విసుగుకు కారణం ఏమై ఉంటుంది? నాకు తోచినది చెబుతాను. పెళ్ళింట్లో పొద్దున్నుంచి పొయ్యి దగ్గర నిలబడి వండిన మనిషిని "కూర ఎట్లున్నది?" అని అడిగి చూడండి. ఆ మనిషికి ఆకలి చచ్చిపోయి ఉంటుంది. ముక్కుకు వాసన ఆనదు. ఆమెకు రుచి తెలియనంత మాత్రాన కూర చెడిపోయినట్టా? పంక్తిలో కూర్చున్నవాళ్ళను అడగాలి. ఆటకూ అంతే. ఏ గడిలో ఏముందో కట్టినవాళ్ళకు కంఠతా వచ్చు. వరద వస్తే వాళ్ళకు ఆశ్చర్యం ఉండదు. ఆట ప్రాణమంతా ముందేం జరుగుతుందో తెలియకపోవడంలో ఉంది. ఆ తెలియకపోవడం కట్టినవాళ్ళకు ఎన్నడో కరువైపోయింది. కాబట్టి ఆట బాగుందా లేదా అన్న తీర్పు చెప్పడానికి అందరికంటే తక్కువ తగినవాళ్ళు కట్టినవాళ్ళే.

అలాగని వచ్చిన ప్రతి అనుమానాన్నీ తోసిపుచ్చమని నేను అనను. కొన్ని అనుమానాల్లో పస ఉంటుంది. చేట చేతపట్టి బియ్యాన్ని చెరిగినట్టు వాటినీ చెరగాలి. మేమిద్దరం కూర్చుని ఒక నోటుపుస్తకంలో ఆమె అనుమానాలన్నీ రాశాం. రాసిన తరువాత అవి రెండు కుప్పలయ్యాయి. "వరద మరీ తరచుగా వచ్చి ఆట చెడుతుందా? ఒక ఆటకు ఎంతసేపు పడుతుంది? వెనుకబడ్డ పిల్లకు గెలిచే దారి ఉందా?" ఇవి ఒక కుప్ప. "పెద్దసారు ఏమంటాడు? దుకాణంలో దొరికే ఆటల ముందు ఇది వెలవెలబోదా? నాబోటిది ఆట కట్టడమేమిటి?" ఇవి రెండో కుప్ప. మొదటి కుప్పకు గవ్వలు జవాబు చెబుతాయి. రెండో కుప్పకు ఎన్నాళ్ళు కూర్చున్నా జవాబు రాదు. తమాషా ఏమిటంటే, మనల్ని రాత్రి నిద్రపోనివ్వనివి అన్నీ రెండో కుప్పలోవే.

వరద సంగతి చూద్దాం. గవ్వ వెల్లకిలా, బోర్లా సమానంగా పడుతుందనుకుంటే, నాలుగు గవ్వలు 16 విధాలుగా పడతాయి. వాటిలో రెండు పడే విధాలు ఆరు. చెమ్మ ఒక్కటి, అష్ట ఒక్కటి. అంటే నలుగురు ఆడేటప్పుడు సుమారు నాలుగు చుట్లకు ఒకసారి వరద. అయితే గవ్వలు అంత సమానంగా పడవు, ఒక్కో గవ్వది ఒక్కో గుణం. అందుకని ఆమె తన గవ్వలనే పదేపదే వేసి, పడినదానికల్లా గీతలు పెట్టింది. లెక్క చూసుకుని "ఫరవాలేదు వదినా" అంది. వారం రోజులు కుదురుగా ఉండనివ్వని అనుమానం ఒక సాయంత్రంలో తీరిపోయింది.

ఈ లెక్క పద్ధతి మాకు మాత్రమే తోచింది కాదు. అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ బట్స్ అనే ఆయన ఇళ్ళ నమూనాలు గీసే ఆర్కిటెక్టు. 1930 ప్రాంతాల ఆర్థిక మాంద్యంలో పని పోయింది. అక్షరాల బిళ్ళలతో మాటలు కూర్చే ఆట ఒకటి కట్టసాగాడు. ఏ అక్షరం ఎన్ని బిళ్ళలుండాలి? దినపత్రికల పేజీలు ముందు వేసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టాడు. లెక్కకు అందే అనుమానాన్ని అలా తీర్చుకున్నాడు. ఆట కంపెనీలేమో వద్దు పొమ్మన్నాయి. ఆ అనుమానానికి లెక్క ఏముంది? ఇంట్లోవాళ్ళతో, స్నేహితులతో ఆడుతూనే ఉన్నాడు. ఆ ఆటలో ఆయన కంటే ఆయన భార్య నీనాయే గట్టిదట! 1948లో జేమ్స్ బ్రూనో అనే ఆయన దాన్ని చేతికి తీసుకుని స్క్రాబుల్ అని పేరు పెట్టాడు. మరుసటి ఏడు నష్టమే వచ్చింది. 1950ల్లో గాని దేశమంతా ఎత్తుకోలేదు. వద్దన్నవాళ్ళ మాట విని బట్స్ దాన్ని అల్మారా పైన పెట్టి ఉంటే ఏమయ్యేది?

సరే, ఇక అసలు పరీక్ష. మరదలు పటాన్ని బడికి తీసుకుపోయింది. ఒక ఆదివారం నేనూ వెళ్ళాను. నేను పెట్టిన షరతు ఒక్కటే: "నువ్వు మాట్లాడొద్దు. నియమాలు కాగితం మీద రాసి పెట్టు, పిల్లలే చదువుకుని ఆడనియ్యి." ఇది వినడానికి సులువు, చేయడానికి చాలా కష్టం. పిల్లవాడు పడవను తప్పు గడిలో పెడుతుంటే తల్లికైనా, టీచరుకైనా నోరు ఊరుకోదు. ఆమె నోటుపుస్తకం ఒళ్ళో పెట్టుకుని మూడే సంగతులు రాసింది. పిల్లలు ఎక్కడ ఆగి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు? ఎక్కడ దిక్కులు చూశారు? అయిపోయాక ఏమన్నారు?

పిల్లలు కాగితంలో ఒక్కచోట ఆగారు: వరదలో కాళేశ్వరం దాటిపోతే ఎట్లా అని. వాళ్ళలో వాళ్ళే పోట్లాడుకుని, "దాటిపోయేది లేదు, అక్కడనే లంగరు" అని తేల్చుకున్నారు. ఆ నియమం అట్లాగే కాగితంలోకి ఎక్కింది. అష్ట పడినప్పుడల్లా "వరదొచ్చింది!" అని బడి పైకప్పు ఎగిరేటట్టు కేకలు. ఆమె ఏ వరద గురించి అంత బెంగపడిందో పిల్లలకు అదే ప్రీతి అయింది. ఆట ముగియగానే ఒక చిన్నది అన్న మాట, "టీచర్, ఇంకొక్క ఆట!" ఇంతకు మించిన సర్టిఫికెట్టు ఆటకు లేదు.

సోదరీమణులారా, ఆట పూర్తి కావడమంటే ఏమిటో ఇక్కడ ఆలోచించాలి. అష్టాచెమ్మనే చూడండి. కాయను చంపనిదే లోపలి గళ్ళలోకి పోవద్దని ఒక ఊరివాళ్ళు అంటారు. అవసరం లేదని మరో ఊరివాళ్ళు అంటారు. మెట్టింటికి వచ్చిన కొత్తలో "మీ ఊళ్ళో ఇట్లాడుతరా?" అని ఆశ్చర్యపోని కోడలు ఉండదు. అయినా ఆట ఆగిందా? వంకలేని ఆట అంటూ ఏదీ లేదు. కట్టినవాళ్ళు పక్కన లేకపోయినా నలుగురు కూర్చుని మొదటి నుంచి చివరిదాకా ఆడగలిగితే అది పూర్తయినట్టే. మిగిలింది ఆడేవాళ్ళు సరిదిద్దుకుంటారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మన పిల్లలు బిజినెస్ అని ఆడే ఆటకు మూలం ఒక స్త్రీ కట్టినది. ఎలిజబెత్ మాగీ అనే ఆమె భూస్వాముల ఆట అని 1904లో పేటెంటు తీసుకుంది. జనం ఆ పటాన్ని చేత్తో గీసుకుని, తమ ఊరి వీధుల పేర్లు రాసుకుని ఏళ్ళ తరబడి ఆడుకున్నారు. చివరకు 1935లో మోనోపలీ అన్న పేరుతో అది బజారుకు వచ్చి కోట్లు గడిస్తే, ఆమెకు ముట్టింది 500 డాలర్లు. పేరు చాలాకాలం మరొకరికి పోయింది. అందుకని నా సలహా: మీరు కట్టిన ఆట గుడ్డ మూల మీ పేరూ, తేదీ దారంతో కుట్టండి. "నాబోటిది" అన్న అనుమానానికి అది కూడా ఒక మందు.

నేను చెప్పినదాన్ని మూట కడతాను. అనుమానాలను కాగితం మీద పెట్టండి, లెక్కకు అందేవాటిని లెక్కించండి. ఆఖరి దశలో కొత్త గడి, కొత్త నియమం చేర్చాలనిపిస్తే, అది ఆటకోసమా, పూర్తి చేయకుండా తప్పించుకోవడానికా అని మిమ్మల్ని మీరు అడగండి. ఒక తేదీ పెట్టుకుని, ఆ తేదీన ఫలానా పిల్లల చేతికి ఇస్తానని పదిమందిలో చెప్పండి. ఇచ్చిన తరువాత నోరు మెదపకుండా చూడండి.

మా మరదలి పిల్లలు ఏప్రిల్‌లో బడి విడిచేముందు గోదావరిని తొమ్మిదిసార్లు దాటారు. ఆమెకు మాత్రం ఇప్పటికీ ధర్మపురి దగ్గర బండ రెండు గళ్ళు వెనక్కి ఉంటే బాగుండేదేమోనని అనుమానం. ఉండనివ్వండి. అనుమానం పూర్తిగా పోయాక పని ముగిద్దామనుకుంటే ఏ ఆడదీ ఏ పనీ ముగించలేదు. దాన్ని పక్కన కూర్చోబెట్టుకునే కాయను పండించాలి.