చెవి కోసం రాసిన పుస్తకాలు
అరబ్బీ, తుర్కీ సూఫీ రాతప్రతుల చరిత్రపై స్మారకోపన్యాసం

సూఫీల గురించి మనకు బాగా అలవాటైన కథ ఒకటుంది. మహాపండితుడికి గురువు ఎదురవుతాడు, గ్రంథాలు మూలపడతాయి, అనుభవం మాటను దాటిపోతుంది. రూమీ పుస్తకాలను ఆయన గురువు షమ్స్ నీళ్ళలో పడేశాడన్న ఐతిహ్యం ఈ కథకే కట్టిన గోపురం. కథ బాగుంది. కానీ సూఫీ చింతన అంతా అదే అయితే, ఇస్తాంబుల్, కొన్యా, బుర్సా గ్రంథాలయాల్లో ఇన్ని వేల సూఫీ రాతప్రతులు ఎందుకున్నాయన్న ప్రశ్నకు అక్కడ జవాబు దొరకదు. పుస్తకాన్ని చిన్నచూపు చూసినవాళ్ళు ఇంత ఓపికగా పుస్తకాలు రాసుకుంటారా? ఈ ప్రతులు ప్రధానంగా నోటితో పైకి చదవడానికీ, పక్కన కూర్చున్నవాళ్ళు వినడానికీ తయారయ్యాయని నా వాదం. సూఫీలు కోప్పడింది గురువు గొంతు తోడులేని గ్రంథం మీద. ఆ గొంతుకు ఆనవాళ్ళు కాగితం మీదే ఉన్నాయి.

అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఇబ్న్ అరబీది. స్పెయిన్‌లోని ముర్సియాలో 1165లో పుట్టి, 1240లో దమాస్కస్‌లో కన్నుమూసిన ఈయన మహాగ్రంథం ‘అల్ ఫుతూహాత్ అల్ మక్కియా’లో 560 అధ్యాయాలున్నాయి. ఆయన దాన్ని రెండోసారి తిరగరాసి 1238లో ముగించాడు. ఆ స్వహస్త ప్రతి 37 సంపుటాలుగా ఇస్తాంబుల్‌లోని తుర్కీ, ఇస్లామీ కళల మ్యూజియంలో ఉంది. అందులో పాఠం ఎంత విలువైనదో, పాఠం పక్కన రాసిన ‘సమా’ పత్రాలూ అంత విలువైనవి. గ్రంథకర్త ఎదుట ఎవరు చదివారు, ఎవరెవరు కూర్చుని విన్నారు, ఎప్పుడు, ఎక్కడ అన్నదంతా వాటిలో నమోదైంది. ఆయన శిష్యుడు సద్రుద్దీన్ కొనెవీ రాసిన ‘ఫుసూస్ అల్ హికమ్’ ప్రతి హిజ్రీ 630 నాటిది. దాని మీదా గురువు ధ్రువీకరణ ఉంది. ఈ పద్ధతి సూఫీలు కొత్తగా కనిపెట్టింది కాదు, హదీసు పండితుల దగ్గర నేర్చుకున్నది. అరబ్బీ రాతలో హ్రస్వ అచ్చుల గుర్తులు సాధారణంగా వేయరు. ఒకే అక్షరాల వరసను రెండు మూడు రకాలుగా పలకవచ్చు. ఇబ్న్ అరబీ వంటి రచయిత దగ్గర ఒక్క అచ్చు మారితే సిద్ధాంతమే తిరగబడుతుంది, విరోధులకు అదే చాలు. అందుకని చదివిన గొంతుకు సాక్షుల సంతకాలు కావలసివచ్చాయి. సామాన్యుడికి కొరుకుడుపడని ఇంత జటిల వచనం కూడా లోకంలోకి చెవి గుండానే వచ్చింది.

అరబ్బీ నుంచి తుర్కీకి వస్తే వినేవాళ్ళ సంఖ్య పెరిగింది, పాఠం మీద కాపలా సడలింది. బుర్సాలో ఉలు జామీ ఇమాముగా ఉన్న సులేమాన్ చెలెబీ 1409లో ప్రవక్త జననాన్ని ద్విపదల్లో పాడాడు. ఆ ‘మెవ్లిద్’ తుర్కీ ఇళ్ళలో పుట్టుకకూ చావుకూ కూడా వినిపిస్తుంది. గెలిబొలులో యాజిజీఓలు మెహ్మెద్ ముందు అరబ్బీలో ఒక గ్రంథం రాసి, దాని ఆధారంగానే 1449లో తుర్కీ పద్యంలో ‘ముహమ్మదియే’ ముగించాడు. తమ్ముడు అహ్మద్ బీజాన్ అదే అరబ్బీ మూలాన్ని 1451 నాటికి తుర్కీ వచనంలోకి తెచ్చాడు. ఇద్దరూ అంకారా గురువు హాజీ బైరామ్ శిష్యులే. మూలం పండితుడి బల్ల మీదే ఉండిపోగా, దాని పిల్లలిద్దరూ ఊరూరా తిరిగారు. మెవ్లిద్ ప్రతులు మాత్రం ఒకదానితో ఒకటి కలవవు. కొన్ని పొట్టివి, కొన్నిటిలో ఇతరుల పద్యాలు చేరిపోయాయి. 1954లో అహ్మద్ ఆతెష్ ఈ పాఠాలను పరిష్కరించి ప్రచురించాల్సి వచ్చిందంటే కారణం ఇదే. పాఠశుద్ధి కోరే పరిష్కర్తకు ఇది తలనొప్పి. చరిత్రకారుడికి మాత్రం పాడినవాడు సభను బట్టి పెంచాడో తగ్గించాడో తెలిపే ఆధారం. పోతన భాగవతాన్ని పురాణ కాలక్షేపంగా విన్న మనకు ఇది వింత కాకూడదు.

భక్తి గ్రంథాల్లో అన్నిటికన్నా ఎక్కువ దూరం నడిచింది ‘దలాయిలుల్ ఖైరాత్’. 1465 ప్రాంతంలో మరణించిన మొరాకో సూఫీ జజూలీ కూర్చిన ఈ దరూదుల, అంటే ప్రవక్తపై పలికే ప్రార్థనల, సంపుటి ఆటమన్ రాజ్యమంతా పాకింది, భారతదేశానికీ వచ్చింది. ప్రతులు చాలావరకు చేతిలో ఇమిడేటంత చిన్నవి. పాఠాన్ని వారం రోజుల పారాయణకు వీలుగా భాగాలు చేశారు. ముఖ్యంగా ప్రతి అక్షరానికీ అచ్చు గుర్తు ఉంటుంది. అరబ్బీ పండితుడికి ఇన్ని గుర్తులు అక్కర్లేదు. అరబ్బీ అర్థం కాకపోయినా తప్పు లేకుండా పలకాలనుకునే తుర్కీ భక్తుడికి కావాలి. కొన్ని ప్రతుల్లో పారాయణకు గురువిచ్చిన అనుమతి, ‘ఇజాజత్’ కూడా చేర్చారు. దలాయిల్ చదివేవాళ్ళకు వక్ఫు సొమ్ము నుంచి జీతాలిచ్చిన దాఖలాలూ ఉన్నాయి. పుస్తకం కొనడానికి డబ్బివ్వడం వేరు, గొంతుకు జీతమివ్వడం వేరు. దాత దృష్టిలో పుణ్యం ఎక్కడుందో ఆ జీతమే చెబుతుంది.

దీనికి అడ్డుచెప్పేవాళ్ళుంటారు. దలాయిల్ ప్రతుల్లోనే మక్కా, మదీనా బొమ్మలూ బంగారు పూతా ఉన్నాయి కదా, అవి కళ్ళకోసం కాదా? హాఫిజ్ ఉస్మాన్ 17వ శతాబ్దంలో రూపం దిద్దిన హిల్యే, అంటే ప్రవక్త రూపవర్ణనను అందమైన అక్షరాల్లో రాసిన ఫలకం, గోడకు తగిలించి చూసేదే కదా? హిల్యే విషయంలో ఒప్పుకుంటాను. అక్కడ నా వాదం ఆగిపోతుంది. కానీ దలాయిల్‌లోని మదీనా చిత్రం దరూదు పలికే మనసు ఎటు తిరగాలో చూపుతుంది. అది పారాయణకు ఉపకరణం. ఇంకొక ఆక్షేపణ బలమైనది. 1727లో ఇబ్రాహీం ముతెఫెర్రికాకు అచ్చుయంత్రం నడిపేందుకిచ్చిన ఫర్మానా మతగ్రంథాలను మినహాయించింది; బిర్గివీ రాసిన తుర్కీ మతగ్రంథం అచ్చులోకి రావడానికి 1803 దాకా పట్టింది. కాబట్టి రాతప్రతి బతికింది భక్తి వల్ల కాదు, నిషేధం వల్ల అంటారు. నిషేధం నిజం. లేఖకుల పొట్ట కొడుతుందన్న భయమూ కొంత ఉండి ఉంటుంది. అయితే ఆ తరవాత ఏం జరిగిందో చూడండి. 19వ శతాబ్దంలో రాతి అచ్చు వచ్చాక ఇస్తాంబుల్‌లో దలాయిల్ మళ్ళీ మళ్ళీ వెలువడింది. లేఖకుడి చేతిరాతనూ హ్రస్వ అచ్చుల గుర్తులనూ ఉన్నవున్నట్టు దించే యంత్రాన్ని పాఠకులు సులువుగానే ఒప్పుకున్నారు. వాళ్ళ అభ్యంతరం యంత్రం మీదే అయితే ఇలా జరిగేది కాదు.

గొంతు తెగింది 20వ శతాబ్దంలో. 1925 చివర తుర్కీ గణతంత్రం దర్గాలనూ, తెక్కేలనే సూఫీ మఠాలనూ మూసేసింది. వాటి పుస్తకాలు చాలావరకు ప్రభుత్వ గ్రంథాలయాలకు చేరాయి. 1928లో లిపే మారిపోయింది. తెక్కే మూతపడ్డాక చదివేవాడు పోయాడు, లిపి మారాక చదవగలిగినవాడు పోయాడు. మెవ్లిద్ మాత్రం కొత్త లిపిలోకి దూరి బతికింది, ఎందుకంటే దాన్ని నోట్లో పెట్టుకున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. మిగిలిన ప్రతులు పరిశోధకుల చేతికి వచ్చాయి. మన హైదరాబాదుకు ఇందులో గౌరవనీయమైన చోటుంది: 1888లో మొదలైన దాయిరతుల్ మఆరిఫ్ 1948లో, నిజాం పాలన ముగిసిన ఆ ఏడే, ఇబ్న్ అరబీ చిన్న గ్రంథాల సంపుటిని అచ్చువేసింది. ఆ పుస్తకం ఇప్పటికీ పండితుల బల్లల మీద ఉంది. కాని సాధారణంగా అచ్చుపాఠం అంచులను వదిలేస్తుంది. జాబితా రాసేవాడు కర్త, పేరు, పుటకు ఎన్ని పంక్తులు, ఏ శైలి రాత అని నింపి, విన్నవాళ్ళ పట్టికను చివరి గడిలోకి నెడతాడు. 1972 నుంచి కైరోలో ఉస్మాన్ యహ్యా ‘ఫుతూహాత్’ను స్వహస్త ప్రతి ఆధారంగా పరిష్కరిస్తూ ‘సమా’ పత్రాలనూ పట్టించుకున్నాడు. ఆ పని 14 సంపుటాల దగ్గర ఆగిపోయింది.