ఓపిక అంటే ఊరుకోవడం కాదు

ఈరోజు ఒక పాట గురించి చెప్తాను. పశ్చిమ ఆఫ్రికాలోని మాలి దేశం పాట. పేరు ‘సబాలి’. బంబారా భాషలో ఓపిక అని అర్థం.

2008లో అమడూ, మరియం అనే భార్యాభర్తల ఆల్బమ్‌లో వచ్చింది. ఇద్దరికీ చూపు లేదు. 1970ల్లో బమాకోలో అంధుల బడిలో కలిశారు. పెద్ద పేరొచ్చింది మాత్రం 2004 ఆల్బమ్‌తోనే. అప్పటిదాకా పాడుతూనే ఉన్నారు. అమడూ 2025 ఏప్రిల్‌లో చనిపోయాడు. పాట బతికే ఉంది.

ఇందులో ఉపన్యాసం లేదు. మరియం ఆ ఒక్క మాటనే మళ్లీ మళ్లీ అంటుంది, ప్రేమించిన మనిషిని పలకరిస్తుంది. మెల్లగా మొదలై, తర్వాత దరువు అందుకుంటుంది. భాష రాకపోయినా గుండె తేలికవుతుంది.

కానీ ‘ఓపిక’ మనకి చేదు మాట కదా! ఆఫీసు గుమ్మం దగ్గర వినేది అదే: “ఓపిక పట్టండి, రేపు రండి.” 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1952 దాకా పోలేదు. ఈ డెల్టా అంచున, బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో ఎరుకల వాళ్లని ఆ చట్టం కిందే సెటిల్మెంటులో పెట్టారు. కాలువ గట్ల మీద గుడిసెలేసుకున్న యానాది కుటుంబాలు ఇంకా ఇంటి స్థలం కోసం, కులధ్రువీకరణ పత్రం కోసం తిరుగుతున్నాయి. వీళ్లకి ఓపిక నేర్పాలా?

అందుకే తేడా తెలుసుకోవాలి. పైనున్నవాడు చెప్పే ఓపిక నోరు మూయించడానికి. పక్కనున్న మనిషి చెప్పే ఓపిక చెయ్యి పట్టుకోవడానికి. మరియం పాడింది రెండోది.

చేపలు పట్టే యానాది తాతనడగండి. మావు పెట్టకుండా గట్టున కూర్చుంటే చేప పడదు. పెట్టాక మాటిమాటికీ ఎత్తి చూసినా పడదు. ముందు పని, తర్వాత ఓపిక. 1997 సమతా తీర్పు కూడా అలా వచ్చిందే. ఏజెన్సీ భూముల్ని గనుల కోసం ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పేదాకా మనవాళ్లు పట్టు వదల్లేదు.

కాబట్టి పాట వినండి, విన్నాక లేవండి. మీ పేటలో కాగితాల్లేని ఒక్క అవ్వతో సచివాలయానికి వెళ్లండి. దరఖాస్తు ఇచ్చి రసీదు అడిగి తీసుకోండి. రేపు రమ్మంటే రేపు వెళ్దాం, పదిమందిమి వెళ్దాం. మన ఓపిక అది.

జై ఆదివాసీ!