సేవ మనది, లెక్క ఎవరిది?



కతోలిక విచారణల్లో గృహస్థుల సేవ నా పరిశోధనాంశం. గురువు ఎప్పుడో గానీ రాని మాల, మాదిగ పల్లెల్లో విశ్వాసాన్ని నిలబెట్టింది ఉపదేశులు. జపం చెప్పించడం, రోగుల్ని పలకరించడం, సమాధి దగ్గర ప్రార్థన అన్నీ వాళ్లవే. గుడి ఊడ్చేది, పండగకు వండేది మన అమ్మలు, అక్కలు. ఇదంతా సేవ. మరి నిర్ణయం ఎవరిది?

1983 నాటి చర్చి చట్టం 536వ నిబంధన విచారణ మండలికి సలహా చెప్పే హక్కే ఇచ్చింది. 537వ నిబంధన మాత్రం ప్రతి విచారణలో ఆర్థిక మండలి ఉండాల్సిందే అంటుంది. గృహస్థులు అడగదగ్గ చోటు అదే.

చర్చిలో అంటరానితనం ఉందని భారత కతోలిక బిషప్పుల సమాఖ్య 2016లో తన దళిత విధానంలో ఒప్పుకుంది. 2022లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి ఆంథోనీ పూల తొలి దళిత కార్డినల్ అయ్యారు. సంతోషమే. కానీ పైన ఒక్కరు కూర్చుంటే కింద పీటలు వాటంతటవే జరగవు.

1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా దళిత క్రైస్తవుల్ని ఎస్సీ జాబితా బయట ఉంచింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తెరిచిన తలుపు మనకింకా తెరవలేదు. రాజ్యాన్ని ప్రాతినిధ్యం అడిగే మనం విచారణలోనూ అడగాలి.

ఈ ఆదివారం ఒక్క ప్రశ్న వేయండి: ఆర్థిక మండలిలో ఎవరున్నారు? గుడి ఊడ్చే అక్కకు అందులో కుర్చీ ఉందా?

జై భీమ్.