కాపలాకు కావాలి, కూలికి అక్కర్లేదు



దేశరక్షణకు పథకం రాసేవాళ్లు ముందు రెండు లెక్కలు వేస్తారు. ఎవర్ని కాపాడాలి, ఎవరితో కాపలా కాయించాలి. ఈ లెక్కల్లో ఎవర్ని వదిలేశారో చూస్తే ఆ దేశం సంగతి తెలుస్తుంది. ఈ రోజు ఆస్ట్రేలియా సంగతి చెప్పుకుందాం.

1901లో అక్కడి ఆరు వలస రాష్ట్రాలు ఒక్కటై, బ్రిటిష్ సామ్రాజ్యం లోపలే సొంత ప్రభుత్వం పెట్టుకున్నాయి. ఇట్లాంటి దేశాన్ని డొమీనియన్ అన్నారు. ఇంటి పెత్తనం తమది, రాజు మాత్రం లండన్ రాజే. జనాభా లెక్కల్లో ఆదివాసుల్ని కలపకూడదని ఆ రాజ్యాంగంలోనే రాసుకున్నారు. ఐరోపా సంతతి కానివాళ్లకు నిర్బంధ సైనిక శిక్షణ అక్కర్లేదని 1909లో చట్టం చేశారు. అంటే తుపాకీ తెల్లోడి చేతిలోనే ఉండాలి.

మరి జపాన్ దండెత్తితే? దానికి లండన్‌ను నమ్ముకున్నారు. సింగపూర్‌లో పెద్ద నౌకాస్థావరం కడతాం, ఆపదొస్తే ఐరోపా నుంచి యుద్ధనౌకలు పంపుతాం అని బ్రిటన్ చెప్పింది. స్థావరం 1938లో తెరిచారు. తీరా యుద్ధం వచ్చేసరికి బ్రిటన్ తన ఇంటి ముంగిట జర్మనీతో, ఇటలీతో పోరాడుతోంది. పంపిన రెండు పెద్ద నౌకల్ని, ప్రిన్స్ ఆఫ్ వేల్స్‌ని, రిపల్స్‌ని, 1941 డిసెంబర్ 10న జపాన్ విమానాలు ముంచేశాయి. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. దాదాపు 15,000 మంది ఆస్ట్రేలియా సైనికులు, వాళ్లకంటే ఎక్కువమంది మన దేశపు సైనికులు బందీలయ్యారు. నాలుగు రోజులకే ఆస్ట్రేలియా ఉత్తరాన డార్విన్ మీద బాంబులు పడ్డాయి.

అప్పుడు గుర్తొచ్చారు, లెక్కలో లేని జనం. 1940లో అదే ప్రభుత్వపు డిఫెన్స్ కమిటీ, ఆదివాసుల్ని సైన్యంలో చేర్చుకోవడం అవసరమూ కాదు, మంచిదీ కాదు అని తేల్చింది. తెల్ల సైనికులు పక్కన నిలబడనీయరనేది అందులో ఒక కారణం. ఈ మైల మనకు కొత్తదా?

ఆపద దగ్గరపడేసరికి ఆ మైల కొంచెం సడలింది. ఆస్ట్రేలియాకూ న్యూగినీకీ మధ్యనున్న టోరెస్ జలసంధి దీవుల్లో 1941లో పటాలం కట్టారు. ఒంట్లో సత్తువున్న మగాళ్లు దాదాపు అందరూ చేరారు. జీతం మాత్రం తెల్ల సైనికుడికిచ్చేదాంట్లో మూడో వంతు. ఆర్నెమ్ లాండ్ తీరంలో డొనాల్డ్ థామ్సన్ అనే పరిశోధకుడు యాభై మంది దాకా యోల్ంగు ఆదివాసుల్ని పహారాకు కూడగట్టాడు. వాళ్ల ఆయుధం ఈటె. జీతం లేదు, పొగాకు, చేపల గాలాలు ఇచ్చారు. మన ఊళ్లో దీన్ని వెట్టి అంటాం.

దీవుల సైనికులు ఊరుకోలేదు. 1943 డిసెంబర్‌లో రెండు రోజులు పని మానేశారు. పైవాళ్లు దాన్ని తిరుగుబాటు అన్నారు. కానీ మూడో వంతు జీతం రెండొంతులైంది. మిగతా బాకీ 1980లలో గానీ తీరలేదు. యోల్ంగు వాళ్ల జీతం, పతకాలు 1992లో వచ్చాయి. అప్పటికి ఎంతమంది మట్టిలో కలిసిపోయారో! జనాభా లెక్కల్లో కలపొద్దన్న మాటను 1967లో ప్రజలు ఓటేసి తీసేశారు.

ఇదే సామ్రాజ్యం మనవాళ్లతోనూ ఇదే ఆట ఆడింది. యుద్ధ జాతులనే సిద్ధాంతం పట్టుకుని 1892లో మహార్లను సైన్యంలోకి తీసుకోవడం ఆపేసింది. మొదటి ప్రపంచయుద్ధంలో మనుషులు చాలక 1917లో మహార్ పటాలం పెట్టి, అవసరం తీరాక 1921లో రద్దు చేసింది. 1941లో మళ్లీ యుద్ధం ముంచుకొస్తే మళ్లీ మహార్ రెజిమెంట్. ఆ ఏడు వైస్రాయి రక్షణ సలహా సంఘంలో బాబాసాహెబ్ అంబేడ్కర్ సభ్యుడు. పటాలం కావాలని పట్టుబట్టినవాళ్లలో ఆయన ముందున్నారు. పథకం రాసేచోట మనవాడు కూర్చోవడమంటే అదీ.

త్యాగం చేస్తే వాళ్లే గుర్తిస్తారులే అని కూర్చుంటే ఏమైందో యోల్ంగు వాళ్లను చూస్తే తెలుస్తోంది. యాభై ఏళ్లు పట్టింది. దీవుల సైనికులు రెండు రోజులు చేతులు కట్టుకుని నిలబడితే జీతం రెట్టింపయింది. కాబట్టి ఊరికి గానీ దేశానికి గానీ కాపలాకు పిలిచిన రోజే అడగాలి. లెక్కలో మేం ఉన్నామా? కూలి అందరితో సమానమేనా? పథకం రాసేచోట మావాళ్లెవరు?

జై భీమ్.